ఎనిమిది పళ్లు

ఆ పొద్దు ఇంట్లో ఉన్నది ఐదుగురు. అరుగు మీద చుట్ట కాలుస్తూ గుర్వమ్మ అవ్వ, పొయ్యి దగ్గర అమ్మ బక్కమ్మ, పశువుల కొట్టంలో తండ్రి అంజన్న, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ కాక మారయ్య, నీళ్ల గాబు పక్కన గిన్నెలు తోముతూ ఎనిమిదో తరగతి చదివే బీరమ్మ. కొట్టంలో జోడీలో నల్లదైన కర్రెకోడె కూడా ఉంది గానీ, నిన్న బండి మీద తెచ్చి దించినప్పటి నుంచి అది లేవలేదు.

"కేతేపల్లికి పోయొస్త వదినె," అన్నాడు మారయ్య. "నాలుగు పండ్ల కోడెలను తీస్కపోయి పెద్ద ఎడ్ల బండకు కట్టిస్తరా? గా పందెం కమిటోళ్లను అడగకుంటే నాకు బువ్వ దిగది."

"పోయి ఏమడుగుతవు కొడుకా," అంది అవ్వ. "బండ ఇంచు కదల్లే గానీ మన ఇజ్జత్ ఊరంత తిరిగొచ్చె."

బీరమ్మ తల ఎత్తలేదు. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

బండ లాగుడు పందెంలో పోయినేటి దాకా ఎడ్లను కర్రతో కొలిచేవాళ్లు. ఎత్తును బట్టి జట్టు, జట్టును బట్టి బండ. అంజన్న కోడెలు పొట్టివి, గట్టివి. చిన్న జట్టులో పోయినేడు గెలిచి ఇత్తడి బిందె తెచ్చాయి. ఈ ఏడు కమిటీ కర్రను పక్కన పెట్టింది. ఇక నుంచి పళ్లే లెక్క అన్నారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఎనిమిదితో నోరు నిండినవి. పళ్లు ఎక్కువైన కొద్దీ బండ పెద్దది. ఎన్ని పళ్లో కాగితంలో రాసి ముందే పంపాలి.

ఇంట్లో చదువొచ్చింది బీరమ్మకే. కాగితం వచ్చిన రోజు మగవాళ్లు చేను దగ్గరున్నారు. సాయంత్రం దాకా ఆగి అడగొచ్చు. కానీ అన్ని గళ్లూ తానే నింపి చూపించాలని ఆమె ఆశ. కొట్టంలోకి వెళ్లి, కోడెల కింది పెదవులు లాగి లెక్కపెట్టింది. దేనికైనా ఎనిమిదే. ఎనిమిది అని గుండ్రంగా రాసింది. అంజన్న ఏమీ అడగకుండా మురిసిపోయి వేలిముద్ర వేశాడు.

నిన్న పందెం దగ్గర పళ్లు చూసే ముసలాయన కోడె నోరు తెరిచి ఆగిపోయాడు. "ఏందయ్యా అంజన్నా, ఎనిమిదని రాసిచ్చినవు? ఇవి లేత కోడెలు గదా. దిద్దుకుంటవా?"

"నా బిడ్డ రాసింది," అన్నాడు అంజన్న. "సదువుకున్న పిల్ల. కొత్త రూలు గట్లనే ఉన్నదేమో. కానీయుండ్రి."

అవతల రెండో కోడెను పట్టుకున్న మారయ్యకు వినబడలేదు గానీ, ఆడవాళ్ల వెనక నిలబడ్డ బీరమ్మకు ఆ మాట వినబడింది. ఏదో తప్పు జరిగిందని అప్పుడే తెలిసింది. నాలుగడుగులు ముందుకు వేస్తే చాలు. అంతమంది మగవాళ్ల మధ్యకు వెళ్లి నోరు విప్పలేకపోయింది. బండ కదల్లేదు. మూడోసారి అదిలిస్తే కర్రెకోడె మోకాళ్ల మీద పడింది. జనం నవ్వారు.

మారయ్య మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. పొద్దున్నున్న కోపం లేదు. బీరమ్మ నింపిన కాగితం తీసి అరుగు మీద పెట్టాడు.

"కమిటోళ్ల తప్పు లేదన్నా. బడిపంతులు ఇస్రాయేలు సారుతోని చదివించిన. ఊడి మొలిచిన పండ్లే లెక్కనంట. పాలపండ్లు లెక్కల రావు. గొర్లు కాసేటోనికి గూడ తెలిసిన ముచ్చట." బీరమ్మ వైపు తిరిగాడు. "గా రాత చూడంగనే సారు గుర్తువట్టిండు బిడ్డా. మా బీరమ్మదేనా అన్నడు. నేను తల దించుకున్న."

"పిల్లను గిప్పుడు సంపుతవా ఏంది," అంటూ బక్కమ్మ అడ్డం వచ్చింది.

"కాక చెప్పింది నిజమే అమ్మా," అంది బీరమ్మ. "పాలపండ్లు గూడ లెక్కవెట్టిన. నిన్న ఆ తాత అడిగినప్పుడే నాకు అనుమానమొచ్చింది నాయినా. భయమై చెప్పలే."

అంజన్న కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నాకు తెల్వదా?" అన్నాడు. "చిన్నప్పటి సంది ఎడ్ల నోళ్లు చూస్తున్న. ముసలాయన అడగంగనే తెలిసింది, తప్పు వడ్డదని. దిద్దుండ్రి అంటే ఒక్క మాట. గంత మందిల నా బిడ్డ తప్పు రాసిందని చెప్పుడు నాతోని గాలే. నా షాన్ కోసం, నలుగుర్ల గొప్ప కోసం నోరు లేని జీవిని బండకు కట్టిన. నిన్నటి సంది దాని మొకం చూడలేకపోతున్న."

అవ్వ చుట్ట ఆరిపోయింది.

బీరమ్మ లోపలికి వెళ్లి ఆముదం వెచ్చ చేసి, పసుపు కలిపి, గిన్నె ఓణీ కొంగుతో పట్టుకుని కొట్టం దగ్గరకు వచ్చింది. కోడె మోకాలికి తానే రాయాలనుకుంది. రాస్తూ దానికైనా క్షమించమని చెప్పుకోవాలనుకుంది.

అంజన్న ఎదురొచ్చాడు. నిన్నటి నుంచి తండ్రి తన వైపు చూడకపోవడం కోపం వల్లనే అనుకుంది బీరమ్మ. ఇప్పుడు దగ్గరగా చూసింది. ఆయన కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. సిగ్గుపడుతున్నది తానొక్కతే కాదు.

"నేను గూడ వస్త నాయినా."

"ఇగ పో బిడ్డా. దానికి నేనే రాస్త. పొద్దుటి సంది ఏం తినలే నువ్వు."

గిన్నె కాలుతున్నా రెండు చేతులతో అందుకున్నాడు. కొట్టం లోపలికి తిరిగి, కాలి మడమతో తలుపు మూశాడు.