పేర్లు పడకముందే

కెనడాలోని వాటర్లూలో చదువుకుంటూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసే చరితకు, అక్కడే పరిచయమైన డెల్రాయ్‌లో ఒక్క సంగతే నచ్చదు. సినిమా అయిపోతోందనగానే లేచి నిలబడతాడు. తెర మీద పేర్లు పడకముందే, "పద పద, బస్సు వెళ్లిపోతుంది" అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. తీరా బయటికొస్తే బస్సు జాడే ఉండదు. ఇద్దరూ ఒకే గొడుగు కింద వానలో వణుకుతారు. అది మాత్రం బాగానే ఉంటుంది.

"లైట్లు వెలిగితే నీ పక్కన కనబడతానని సిగ్గేమోనే," అంది రూమ్మేట్ దేవిశ్రీ. ఆరుగురమ్మాయిలుండే బేస్‌మెంట్ వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. "అసలేం చేస్తాడు?"

"సినిమాలకి సౌండ్ పని. ఏదో కొంచెం హెల్ప్ చేస్తాడట."

"కొంచెమంటే? మైకులు మోస్తాడా?"

చరిత కళ్లు తుడుచుకుంది. కళ్లు మండటం ఉల్లిపాయల వల్లేనని సరిపెట్టుకుంది.

ఆ శనివారం పక్క ఊరైన కిచెనర్‌లోని చిన్న థియేటర్లో సినిమా ముగింపుకొచ్చింది. డెల్రాయ్ లేచాడు. చరిత పాప్‌కార్న్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"చరితా, బస్సు..."

"పోనీ. నా పక్కన కనబడటం నీకు నామోషీ అయితే నువ్వెళ్లు."

"నామోషీయా? నీతోనా?"

అప్పుడే తెర మీద పేరు పడింది. సంగీతం: డెల్రాయ్ పినాక్. తెరంతా ఆ ఒక్క పేరే.

చరిత తెర వంక చూసింది, అతని వంక చూసింది. "ఏదో కొంచెం హెల్ప్?"

డెల్రాయ్ కూలబడ్డాడు.

"ఇంతకుముందు చూసినవి కూడా నావే. నా మ్యూజిక్‌కి నువ్వు పాప్‌కార్న్ నమలడం ఎక్కడ ఆపుతావో చూద్దామని తీసుకొచ్చా."

"మరి చెప్పవేం?"

"అవార్డొచ్చినప్పుడు సంబరంగా చెప్పుకున్నా. నల్లజాతివాడని ఇచ్చారన్నారు కొందరు. ఇక మాకు అందవులే అని ఇంకొందరు పిలవడమే మానేశారు. అప్పట్నుంచి తగ్గించి చెప్పడం అలవాటైంది. మావాళ్లలో చాలామందిమి ఇంతే. నా ఫ్రెండొకడు టీవీ షో నడుపుతాడు, అడిగితే ఆఫీసులో పని అంటాడు. నువ్వు కూడా దూరం జరుగుతావేమోనని..."

చరిత కోపం సగం కరిగింది.

"నాకు చదువు మధ్యలో చేసే కో-ఆప్ జాబ్ వచ్చింది తెలుసా? దేవిశ్రీకి కూడా చెప్పలేదు. దిష్టి తగులుతుంది, నోరు మూసుకోమంది మా అమ్మ."

"అంటే మీరూ దాస్తారా?"

"దాస్తాం. కానీ మాకు విరుగుడుంది." గుప్పెడు పాప్‌కార్న్ తీసి అతని తల చుట్టూ తిప్పింది.

"ఏం చేస్తున్నావ్?"

"కదలకు. ఉప్పుంది కదా, పనిచేస్తుంది. ఇక ధైర్యంగా చెప్పుకో."

లైట్లు వెలిగాయి. చీపురు పట్టుకొచ్చిన పెద్దావిడ కింద రాలిన పాప్‌కార్న్ చూసి నిట్టూర్చింది. "సినిమా అయినా నచ్చిందా?"

"ఏదో..." అనబోయి, డెల్రాయ్ గొంతు సవరించుకున్నాడు. "మ్యూజిక్ నేనే చేశానండీ."

"అబ్బో! ఈ అమ్మాయెవరు?"

"నేను ప్రేమించిన అమ్మాయి. తనింకా ఏమీ చెప్పలేదు."

చరిత డబ్బా అడుగున మిగిలిన పాప్‌కార్న్ తీసి, ఈసారి ఇద్దరి తలల చుట్టూ కలిపి తిప్పింది.