మడ అడవిలో నాలుగో విస్తరి

ఆదివారం వచ్చిందంటే మా ఆయనకి ఇంట్లో కాలు నిలవదు. అంగలకుదురులో మా ఇల్లు, తెనాలిలో ఎరువుల కొట్టు. వారమంతా యూరియా కట్టల మధ్య కూర్చునే గౌతమ్ గారికి ఒక్క రోజైనా పచ్చటి చెట్లు చూడాలని మోజు.

"నిజాంపట్నం అవతల మడ అడవి ఉందంట ప్రశాంతీ. తాటిచెట్లంత ఎత్తు మడచెట్లంట! చెక్కల బాట వేశారు. కిలోమీటరే. చిన్నపిల్లలు కూడా హాయిగా నడవచ్చు" అన్నారు.

"మీ మాట నమ్మి పోయినసారి సూర్యలంకలో ఎండకి మాడి వచ్చాం" అని దెప్పాను. అన్నానే గానీ తెల్లారే లేచి పులిహోర కలిపాను, పెరుగన్నం కలిపాను, విస్తరాకులు సర్దాను. మా ఆరేళ్ళ కావేరి రేపల్లె దాటేదాకా కారులో పాటలే పాటలు.

అక్కడ చెట్లు చూపించే మనిషి వీరాస్వామి. అరవై దాటిన జాలరి. మోకాళ్ళు పట్టేశాక వేట మానేసి, వచ్చినవాళ్ళని అడవిలోకి తీసుకెళ్ళి తీసుకొస్తుంటాడట. నా చేతిలో క్యారేజీ చూడగానే ఆగాడు.

"అమ్మా, ఒక్క మాట. బాట మధ్యలో అరుగుంటది, అక్కడ కూర్చుని తినండి. కానీ లోపల ఎవర్నీ అన్నానికి పిలవమాకండి. నన్ను కూడా."

"అదేంటి బాబాయ్, నీకు పెట్టకుండా మేం తింటామా?"

"మావోళ్ళం పీతలకెళ్ళినా అంతేనమ్మా. ఎవరి మూట వాళ్ళు విప్పుకుని, మాటా పలుకూ లేకుండా తినేస్తాం. ఉప్పెనలో కొట్టుకొచ్చినోళ్ళు ఈ చెట్లకే చిక్కుకున్నారు. ఆకలి మీద పోయినోళ్ళు."

నాకు నవ్వొచ్చింది. మా ఇళ్ళల్లో అన్నాల వేళకి కరెంటు మీటరు చూసేవాడు గుమ్మంలోకొచ్చినా "రండి, భోంచేద్దురుగాని" అంటాం. వాళ్ళూ "ఇప్పుడే తిన్నానండి" అని వెళ్ళిపోతారు. ఎవరూ వచ్చి కూర్చోరు. అదొక మర్యాద, అంతే. నోటికి అలవాటైపోయింది.

లోపలికి నడిచాం. బాట నిజంగానే సుళువుగా ఉంది. పది అడుగులు వేశాక మాత్రం ఎండ పోయింది. మానులు ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు. పైన కొమ్మలు అల్లుకుపోయి మధ్యాహ్నం పన్నెండింటికే సందె చీకటిలా ఉంది. బాటకి రెండు పక్కలా నల్లటి బురద, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు, వేలకు వేలు. కుళ్ళిన ఆకుల వాసన, ఉప్పు వాసన. ఎక్కడో బురద బుడగలు పగులుతున్న చప్పుడు తప్ప పిట్ట కూత కూడా లేదు. కావేరి పాట ఎప్పుడు ఆపేసిందో నేను గమనించలేదు.

అరుగు దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి, పోటు నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూసొస్తానని వీరాస్వామి ముందుకెళ్ళాడు. నేను మూడు విస్తళ్ళు వేశాను. మా ఆయన ఫోను పైకెత్తి కొమ్మల ఫొటోలు తీసుకుంటున్నారు. పులిహోర వడ్డిస్తూ తలెత్తాను.

చెట్ల మధ్య బురదలో ఒకావిడ నిలబడి ఉంది.

మోకాళ్ళదాకా బురద. తడిసిన చీర. పీతలు ఏరుకునే మనిషి కాబోలనుకున్నాను. నా వైపు కాదు, నా చేతిలో గరిట వైపు చూస్తోంది. అంత ఆకలి చూపు నేనెప్పుడూ చూడలేదు. నా పాపిష్టి నోరు...

"రండమ్మా, భోంచేద్దురుగాని."

"వస్తున్నా తల్లీ" అంది ఆవిడ.

పిలిచాక పెట్టకపోతే ఎలా? నాలుగో విస్తరి తీసి వేశాను. పులిహోర వడ్డించాను.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నారు ఆయన.

"అదుగో, ఆవిడతో..."

అటు చూస్తే ఎవరూ లేరు. బురద, వేర్లు. అంతే. తల తిప్పాను. నాలుగో విస్తరి ఖాళీగా ఉంది. ఒక్క మెతుకు లేదు. ఆకంతా తడి.

"కావేరీ... ఇది నువ్వు తిన్నావా?"

అది తల అడ్డంగా ఊపింది. దాని విస్తట్లో పులిహోర అలాగే ఉంది.

అప్పుడే వీరాస్వామి తిరిగొచ్చాడు. విస్తళ్ళు చూశాడు. మమ్మల్ని చూశాడు. ముగ్గురం. వీరాస్వామి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎవర్ని పిలిచారమ్మా?"

నేను బురద వైపు వేలు చూపించాను. "లేవండి. నీళ్ళొస్తున్నాయి. వెనక్కి చూడమాకండి" అని గొంతు తగ్గించి అన్నాడు.

నడిచాం. ముందు వీరాస్వామి, వెనక మా ఆయన, వాళ్ళ వెనక కావేరి చెయ్యి పట్టుకుని నేను. చెక్కల కింద నీళ్ళు గలగలమంటున్నాయి. వచ్చేటప్పుడు పావుగంట పట్టిన దారి ఎంతకీ తరగదు. మా వెనక... తడి కాళ్ళ చప్పుడు. తప్. తప్. మేం ఆగితే అదీ ఆగుతోంది.

"అమ్మా" అంది కావేరి మెల్లిగా. "ఈవిడ చెయ్యి చాలా చల్లగా ఉంది."

కిందికి చూశాను. దాని కుడిచెయ్యి నా చేతిలో ఉంది. ఎడమచెయ్యి పక్కకి చాచి ఉంది. ఎవరో పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

నా వైపు లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. పిల్ల "అమ్మా, నొప్పి!" అని ఏడ్చింది. దాని చిన్న కాళ్ళు చెక్కల అంచుదాకా జారాయి. కింద నల్లటి నీళ్ళు.

"బాబాయ్! నా పిల్ల! నా పిల్లని పట్టుకుంది!"

వీరాస్వామి వెనక్కి తిరగలేదు. మా ఆయన రాబోతే చెయ్యి వెనక్కి చాచి రెక్క పట్టుకుని ఆపేశాడు. "పిలిచింది మీరమ్మా. పంపాల్సింది కూడా మీరే. నా వల్ల కాదు" అన్నాడు. అతని గొంతులోనూ ఏడుపే.

ఎలా పంపాలి? ఇంటికొచ్చిన ఆడమనిషిని మేం ఎలా పంపుతాం? బొట్టు పెట్టి పంపుతాం. కుంకుమ లేదు. నా నుదుటి మీద స్టిక్కర్ ఉంది. అది ఊడదీశాను. కావేరి పక్కన, ఏమీ లేని చోట, చెయ్యి చాచాను.

వేలికి నుదురు తగిలింది. చల్లగా, మెత్తగా, తడిగా. స్టిక్కర్ అద్దాను.

"వెళ్ళి రండమ్మా."

కావేరి ఒక్కసారిగా నా మీదికొచ్చి పడింది. నీళ్ళలో దబ్బుమని ఒక్క చప్పుడు. తర్వాత ఏమీ లేదు. పిల్లని భుజానేసుకుని కారు దాకా పరుగెత్తాను.

రేపల్లె దాటాక కావేరి ముద్దుగా అంది: "ఆవిడ మంచిదమ్మా. నన్ను కూడా భోజనానికి రమ్మంది."

"నువ్వేమన్నావే?"

"వస్తానన్నాను. పెద్దవాళ్ళు పిలిస్తే వద్దనకూడదని నువ్వే చెప్పావుగా."

"ఎప్పుడు రమ్మంది?"

"నాకు ఆకలేసినప్పుడు."

మా ఆయన కారు పక్కకి ఆపేశారు. ఇద్దరం పిల్లని చెరోవైపు పట్టుకుని కూర్చున్నాం.

ఇది జరిగి పదకొండు రోజులు. ఈ పదకొండు రోజుల్లో నా పిల్లకి ఆకలి వెయ్యనివ్వలేదు నేను. బడి మాన్పించాను. రెండు గంటలకొకసారి ఏదో ఒకటి నోట్లో పెడుతూనే ఉన్నాను. నిద్దట్లో కూడా లేపి పాలు తాగించాను. "దాన్ని చంపేస్తావా?" అని మా ఆయన కోప్పడ్డారు. తర్వాత ఆయనే వెళ్ళి అరటిపళ్ళు తెచ్చారు.

ఇప్పుడు సాయంత్రం ఐదయింది. కావేరి ఇప్పుడే కడుపునిండా పెరుగన్నం తింది. చివర రెండు ముద్దలు చాలు చాలంటే బతిమాలి పెట్టాను. మూతి తుడిచాను.

అది లేచి హాల్లోకి వెళ్ళింది. మూసి ఉన్న వీధి తలుపు ముందు నిలబడింది. నా వైపు తిరగలేదు. తలుపుకి చెబుతున్నట్టు, మెల్లిగా...

"ఆకలేస్తోంది" అంది.