తడిసిన రెక్కలు

పేద పసిపిల్లలకు ఉచితంగా పాలిచ్చే మా కేంద్రంలో శనివారం పిల్లల తూకం రోజు. తల్లులు తెల్లారకముందే వచ్చి వరుసలో నిలబడేవారు. శాంటియాగోలో పుట్టిన ముగ్గురు పిల్లల్లో ఒకరు ఏడాది నిండకుండానే పోతున్న రోజులవి. మా పేట పట్టికలో మాత్రం చావులు తక్కువ. ఆ గొప్ప నాదే. మూడు వారాలు వరసగా తూకం తగ్గిన బిడ్డను, ప్రాణం పోకముందే 'తల్లి అశ్రద్ధ' అని రాసి పట్టికలోంచి పేరు కొట్టేయించేదాన్ని. ఆ తర్వాత పోతే మా లెక్కలోకి రాదు కదా. డాక్టరుగారు ముచ్చటపడి, ఐదు నెలల నా కూతురు ఎల్బాకు కూడా రోజూ పాలసీసాలు ఇప్పించేవారు.

అలా నేను పేరు కొట్టేయించినవాడే చాకలి దొమితీలా కొడుకు నికనోర్. మంగళవారం పోయాడు. వాడి తూకం కార్డు ఆమె దగ్గరే ఉండిపోయింది. దాని మీద పేరు కొట్టేసినట్టు రాయడం మరిచాను. తనిఖీవాళ్ల కంటపడితే నా పరువు మంటగలుస్తుంది. ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లాను.

గదిలో మైనం, వాడిన పూలు, సారా కలిసిన వాసన. ఒక ముసలామె గిటారు మీటుతూ పాడుతోంది. బల్ల మీద కుర్చీ, కుర్చీలో నికనోర్. బుగ్గలకు ఎర్ర రంగు, వీపున వెండి కాగితం రెక్కలు. రెప్పలు వాలకుండా అగ్గిపుల్ల ముక్కలు ఆనించారు. చచ్చిన పసివాడు దేవదూత అవుతాడని మా పేటలో నమ్మకం, అందుకే అక్కడ ఎవరూ ఏడవకూడదు. కన్నీళ్లకు రెక్కలు తడిస్తే వాడు ఎగరలేడు. దొమితీలా పెదవి కొరుక్కుని నిలబడింది. పెదవి మీద నెత్తురు.

"కార్డు ఇవ్వవే," అన్నాను గుసగుసగా.

"వాడి చేతిలో పెట్టానమ్మగారూ. పైన చూపిస్తే పాలిస్తారేమోనని..."

నాకు ఒళ్లు మండింది. "బతికుండగా పాలు పట్టడం చేతకాలేదు, పోయాక కార్డొకటా? నువ్వే చంపుకున్నావే వాణ్ణి."

అబద్ధం. సీసాలు ఆపించింది నేనే.

గిటారు ఆగిపోయింది.

"దాన్ని పట్టుకోండే! వాడి మీద పడనివ్వకండే!" అని ముసలామె చుట్టూ ఉన్న ఆడవాళ్లతో అరిచింది. అప్పటికే దొమితీలా బిడ్డ మీద పడి భోరుమంది. వెండి కాగితం తడిసి ముద్దయింది. ఆ గొడవలో నేను కార్డు లాగాను. రాలేదు. చిన్న వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది... ఒక పుల్ల జారింది. ఒక కన్ను మూసుకుంది.

"తీసుకుపో తల్లీ," అంది ముసలామె మెల్లగా. "వాడింక పైకి పోలేడు. కార్డు ఎక్కడుంటే అక్కడికే వస్తాడు."

కార్డును కేంద్రం సొరుగులో పడేశాను.

ఆ శనివారం ఖాళీ త్రాసు ముల్లు సున్నాకు రాలేదు. రెండువందల గ్రాముల దగ్గర ఆగింది. పళ్లెం తుడిచాను. తడి. వేలు నాలికకు తగిలితే ఉప్పన. ఎల్బాను తూచాను. సరిగ్గా రెండువందల గ్రాములు తగ్గింది.

మరుసటి వారం నాలుగువందలు. ఖాళీ త్రాసులో ఎక్కువ, నా పాపలో తక్కువ. ఇంట్లో సీసా నోటికి పెట్టగానే ఖాళీ అయ్యేది. పాప గొంతు మాత్రం కదిలేది కాదు... ఉయ్యాల నిండా మైనం వాసన. భయంతో కార్డు కాల్చేశాను. మర్నాడు సొరుగు తీస్తే అక్కడే ఉంది.

మూడో శనివారం ఎల్బా తూకం మళ్లీ తగ్గింది. వరుస చివర దొమితీలా నిలబడి ఉంది, ఖాళీ చేతులతో. నన్నే చూస్తోంది. ఏడవడం లేదు.

డాక్టరుగారు కలం తీశారు.

"నా పాపండీ..." అన్నాను.

"నువ్వు పెట్టిన నియమమే కదమ్మా," అన్నారాయన. ఎల్బా పేరు కొట్టేసి, పక్కన 'తల్లి అశ్రద్ధ' అని రాశారు.

చొక్కా తొడుగుదామని పాపను బోర్లా తిప్పాను. వీపు మీద, రెండు భుజాల కింద... తడిసిన వెండి కాగితం.

లాగాను. ఊడలేదు. పాప కెవ్వుమంది.