వెనకట్ట మీది చుక్క

మొదటిసారి కలిసినప్పుడే తగువు పడ్డారు. పాత పుస్తకాల షాపులో బైండరమ్మాయి ఓ పుస్తకం తీసి ఇలా తెరిచిందో లేదో, కౌంటరు వెనకనుంచి షాపతని కేక.

"అయ్యయ్యో, అంత వెడల్పుగా తెరవకండి! వీపు విరుగుతుంది."

"దానిదా, నాదా?"

"దానిదే. మీది విరిగితే డాక్టర్లున్నారు."

"దానికీ డాక్టరుందండీ. పక్క వీధిలో బైండింగ్ షాపు నాదే."

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ సిగ్గుకే ఆమె పడిపోయింది, ఖర్మ!

వీధిలో అందరూ అతన్ని చుక్కలబాబు అనేవారు. పడవ బొమ్మ ప్రచురణాలయం వాళ్ల మొదటి ముద్రణలంటే ప్రాణం. వాళ్లు మొదటిసారి వేసినప్పుడు పుస్తకంలో ఏమీ చెప్పరు, రెండోసారి నుంచే ముద్రణ సంఖ్య వేస్తారు. చిక్కేమిటంటే, తమ పుస్తకాల క్లబ్బు సభ్యుల కోసం చవగ్గా వేసిన కాపీల్లోనూ సంఖ్య ఉండదు. వాటికి మాత్రం వెనకట్ట మూలన చిన్న చుక్క అదిమి ఉంటుంది. అది వేలికి ఎలా తగులుతుందో, ఓ వాన సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని మరీ నేర్పాడు. నేర్పడం అయిపోయాక కూడా చెయ్యి వదల్లేదు.

"అక్క సంబంధాలు చూస్తోంది. మా ఇంటికి ఎప్పుడొస్తావు?" అని అడిగింది.

"వాళ్ల తొలి నవల మొదటి ముద్రణ దొరికిన మర్నాడే మీ అక్క ముందు కూర్చుంటా. ఒట్టు!"

అతను నవ్వుతూనే అన్నాడు. పిచ్చిది, ఆమె వెతకడం మొదలుపెట్టింది.

చివరికి చిత్తుకాగితాల గుట్టలో దొరికింది. ముందట్ట చెదలు తినేశాయి, వెనకట్ట ముట్టుకుంటే పొడి రాలుతోంది. బొటనవేలితో తడిమి చూసింది. చుక్క లేదు. లోపల ముద్రణ సంఖ్యా లేదు. పేజీలన్నీ మళ్లీ కుట్టి, నీలం గుడ్డతో కొత్త అట్టలు కట్టి, పట్టుకెళ్లి అతని చేతిలో పెట్టింది.

అతను ఆమె ముఖం చూడలేదు. పుస్తకం తిరగేసి మూల తడిమాడు.

"పాత అట్టేది?"

"పొడైపోయింది, పారేశాను."

"పారేశావా? ఇప్పుడిది మొదటిదో, క్లబ్బుదో ఎలా తెలుస్తుంది?"

"నేను తడిమి చూశాగా. చుక్క లేదు."

"నువ్వు చూస్తే సరిపోతుందా?"

ఆమె పుస్తకం అతని దగ్గరే వదిలి వచ్చేసింది.

మర్నాడు జోరువానలో తడిసి ముద్దయి ఇంటికొచ్చాడు, పుస్తకం మాత్రం చొక్కా లోపల పొడిగా ఉంది. అక్క ముఖం వెలిగింది. తువ్వాలిచ్చి వంటగదిలోకి తప్పుకుంది.

"లైబ్రరీలో పోల్చి చూశాను! క్లబ్బు కాపీల కాగితం పలచన, ఇది మందం. నువ్వన్నదే నిజం. ఒట్టేశాగా, వచ్చేశాను. అక్కగారితో మాట్లాడనా?"

వచ్చాడు. ఆమె ఇన్నాళ్లూ కోరుకున్నట్టే వచ్చాడు. అయినా లోపల ఏదో భగ్గున మండింది.

"కాగితం పలచగా ఉండుంటే?"

అతని వేలు మళ్లీ పుస్తకం మూలకు పోయింది.

"చెప్పు, వచ్చేవాడివా?"

"అది కాదు... ఇప్పుడు తేలిపోయిందిగా!"

"అవును, తేలిపోయింది."

అతని చేతిలోని తువ్వాలు తీసేసుకుంది.

"టీ ఎన్ని కప్పులే?" లోపలినుంచి అక్క కేకేసింది.

"మనిద్దరికే అక్కా. ఆయన వెళ్లిపోతున్నారు."