ఆకుపచ్చ ఇంజన్ మాయం

"ఇంజన్ పోయిందండీ" అన్నాడు వచ్చినాయన, ఇంట్లో కరెంటు పోయిందన్నంత మామూలుగా.

డిటెక్టివ్ గారు కుర్చీ చూపించారు. అసిస్టెంటు టీ తెచ్చాడు. డిటెక్టివ్ గారు ఎటు లాగితే అటు పోతాడని జనం ఈ అసిస్టెంటుని గార్డుపెట్టె అనేవారు. అలాంటి ఇంజన్ వెనక ఆఖరి పెట్టె కావడం కూడా హోదాయే అనుకునేవాడతను.

వచ్చినాయనకి ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి గోధుమరంగు చెప్పు. కప్పు ఖాళీ చేసి కింద పెట్టి, "టీ వద్దు బాబూ, ఇప్పుడేం తాగలేను" అన్నాడు.

గార్డుపెట్టెకి నవ్వొచ్చి, ఆయన మొహం చూడగానే ఆగిపోయింది.

వచ్చినాయన బుల్లి రైలింజన్లు చేసి అమ్ముతాడు. బొమ్మరైళ్ల ప్రదర్శనలో స్టాలు పెట్టాడు. భార్య ఈమధ్యే పోయింది. ఆమె రంగు వేసిన ఇంజన్ ఒక్కటే. అది అమ్మకానికి కాదని అద్దాల బీరువాలో ఉంచాడు.

"చక్రాలక్కూడా ఆకుపచ్చే వేసింది. పట్టాని తాకే చోట రంగుంటే కరెంటు ఎక్కదండీ, బండి కదలదు. ముచ్చటపడి వేసింది, నోరు రాలేదు చెప్పడానికి. అందుకే ఎప్పుడూ నడపలేదు."

"బీరువా తాళం?"

"వేసే ఉంది. ఒక చెవి నా మెడలో, ఇంకోటి మా బావమరిది దగ్గర. అక్క గుర్తుగా ఇవ్వమని రెండుసార్లు అడిగాడు. వాడు కాకపోతే ఇంకెవరు?"

"అతనితో అన్నారా?"

"దొంగవన్నాను. అందరూ విన్నారు." మెడలోని తాళంచెవి తడుముకున్నాడు. "ఆమె తాలూకు నాకు మిగిలింది ఆ ఇంజన్, ఈ బావమరిది. రెండూ పోయేలా ఉన్నాయి. ఏడుపొస్తే బాగుండు, అదీ రావట్లేదు."

ప్రదర్శన హాల్లో బల్లల మీద కొండలు, సొరంగాలు, అగ్గిపెట్టంత స్టేషన్లు. "పట్టా లేనివాడు ఒక్కడూ లేడు సార్ ఇక్కడ" అన్నాడు గార్డుపెట్టె. ఆ జోకుకి సిగ్నలు పడలేదు. డిటెక్టివ్ గారు అప్పటికే బీరువా ముందు వంగి ఉన్నారు. తాళం మీద గీత లేదు. లోపల ఒక ఇంజన్ పట్టే జాగా ఖాళీ.

బావమరిది బ్యాగు సర్దుకుంటున్నాడు.

"పొద్దున్నుంచీ ఎక్కడున్నారు?"

"గుమ్మం దగ్గర కరపత్రాలు పంచుతున్నా. తాళంచెవి ఇదిగో, మీరే ఉంచుకోండి. నేనే తీశానని బావ అంటున్నాడుగా, అలాగే కానివ్వండి."

"మీరు తీశారా?"

"అడిగి లేదనిపించుకున్నవాడు దొంగతనం చేస్తాడా? చేసేవాడైతే అడగడు."

ఎదురు స్టాల్లో అంగుళం ఎత్తు బొమ్మచెట్లు అమ్మే ఆవిడ నోరు చెట్లకంటే పెద్దది. "దొంగలెవరూ రాలేదు నాయనా, బేరాలొచ్చాయి. ఆయన తలెత్తితేనా? ఇంజన్ తియ్యడం, కౌంటరు మీది పట్టాలపై నడిపి చూపించడం, నడవకపోతే చక్రాలు స్పిరిట్‌తో తుడవడం, పెట్టెలో పెట్టివ్వడం. మనిషా మరబొమ్మా అనిపించింది. నేను పలకరిస్తే నాకూ ఒక ఇంజన్ పొట్లం కట్టబోయాడు."

డిటెక్టివ్ గారు ఇంజన్లాయన వైపు తిరిగారు. "చేతికి నూనె అంటింది. గుడ్డ ఉందా?"

ఆయన ఏప్రన్ జేబులోంచి తీసిచ్చాడు. మసి మరకల మధ్య ఒక ఆకుపచ్చ చార. డిటెక్టివ్ గారు చేయి తుడుచుకోకుండానే గుడ్డ మడిచి, గార్డుపెట్టె చెవిలో ఏదో చెప్పారు. అతను మైకు దగ్గరికి పరుగెత్తాడు.

కాసేపటికి అందరూ స్టాలు ముందు చేరారు. మైకు పిలుపు విని వచ్చిన ఒక కళ్లజోడు మాస్టారు చంకలో పెట్టెతో చివర నిలబడ్డారు.

"దొంగకి తొందరుంటుంది" అన్నారు డిటెక్టివ్ గారు. "ఇంజన్ నడుస్తుందో లేదో చూసి, నడవకపోతే చక్రాల రంగు ఊడేదాకా స్పిరిట్‌తో తుడిచి, వెళ్తూ వెళ్తూ బీరువాకి తాళం వేసిపోడు. అంత ఓపిక అమ్మేవాడిది. ఈ గుడ్డ మీది ఆకుపచ్చ ఆ చక్రాలదే. గుడ్డ మీ జేబులోది. టీ తాగేసి, తాగలేనన్న మనిషి మీరు. ఇంజన్ పోలేదండీ, మీరే అమ్మారు."



"ఆకుపచ్చ ఇంజన్ కొన్నవాళ్లు రావాలని మైకులో విన్నాను. బీరువాలోది ఇస్తారా అని నేనే అడిగాను" అన్నారు మాస్టారు మెల్లగా. "తలూపి తాళం తీశారు. చాలాసేపు తుడిచి, అది కదిలాకే ఇచ్చారు. ఇలాంటిదని నాకు తెలీదు. తీసుకోండి."

ఇంజన్లాయన పెట్టె తెరిచాడు. ఇంజన్ని తిరగేసి, తెల్లగా బయటపడ్డ చక్రం అంచు మీద బొటనవేలు ఆనించాడు. "ఆమె వేసింది నేనే తుడిచేశాను" అన్నాడు. ఆ గొంతులో ఇంకా ఏ తడీ లేదు.

బావమరిది బ్యాగు జిప్పు వేశాడు. "దొరికిందిగా బావా. వస్తాను."

ఇంజన్లాయన ఇంజన్ని కౌంటరు మీది పట్టాలపై పెట్టి, చక్రాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో వంగి చూశాడు.

"పట్టాలకి ఆ కొసన అడ్డు లేదు, కింద పడిపోతుంది" అన్నాడు. "నువ్వక్కడ నిలబడు."

"నేనా?"

"నువ్వే. వస్తుంది, పట్టుకో."

బావమరిది బ్యాగు కింద పెట్టి, పట్టాలు అయిపోయే చోట దోసిలి పట్టాడు.