చివరి ముద్ద

పైడమ్మ రక్తం సన్నటి గొట్టంలోంచి యంత్రంలోకి వెళ్లి, తిరిగి ఆవిడ చేతిలోకే వస్తోంది. పక్కన కూర్చున్న సన్యాసిరావు ఆ గొట్టాన్నే చూస్తున్నాడు. తూనీగ జ్వరమనే అంటువ్యాధి తగ్గినప్పటి నుంచీ పెళ్లాం ఆయన్ని “ఎవరు బాబూ మీరు?” అని అడుగుతోంది. అన్నీ గుర్తున్నాయి, మనుషుల ముఖాలూ గొంతులూ తప్ప.

“వైరస్ పోయిందన్నారు కదమ్మా. మరి ఇదేటి?” అన్నాడు.

“వైరస్ మీద ఒక ప్రోటీన్ ఉందండీ,” అంది డాక్టర్ నీలవేణి. “మనుషుల్ని గుర్తుపట్టే మెదడు కణాల మీదా దాదాపు అలాంటిదే ఉంది. వైరస్ కోసం ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలు పోలిక చూసి మెదడు మీద పడ్డాయి.”

“దొంగ పోలికలున్నాయని ఇంటాయన్ని తన్నినట్టు.”

“అంతే. ఆ పోలిక జోలికి పోవద్దని రక్షణ కణాలకు ఈ యంత్రం నేర్పుతుంది.”

ఆవకాయ అన్నం కలిపినప్పుడల్లా గిన్నెలో చివరి ముద్ద మొగుడి చేతిలో పెట్టడం పైడమ్మకు కాపురానికొచ్చిన నాటి అలవాటు. జ్వరం తర్వాత అదీ తనే తినేస్తోంది. ఎవరో పరాయి మగాడికి ముద్ద ఎందుకు పెడుతుంది పాపం. ఆ ముద్ద కోసం సన్యాసిరావు ప్రాణం కొట్టుకుపోతోంది.

కొన్ని వారాలకు యంత్రం పని పూర్తయింది. ఆ రోజు ఆయన వెళ్లేసరికి పైడమ్మను అద్దాల గదిలోకి మార్చేశారు. లోపల ఆవిడ అన్నం కలుపుకుంటోంది. తలెత్తి చూసింది.

“ఆ గెడ్డమేటి? నాను లేపోతే గీసుకోడం కూడా సేతకాదా?”

సన్యాసిరావుకు కళ్లనీళ్లు ఆగలేదు. తలుపు వైపు నడిచాడు. నీలవేణి అడ్డం వచ్చింది.

“వైరస్ పూర్తిగా పోలేదండీ, నరాల్లో కాస్త నక్కి ఉంది. ఇన్నాళ్లూ యాంటీబాడీలు దాన్ని అణిచిపెట్టాయి. మేం ఆ పోలికను వదిలెయ్యమన్నాం, అవి వైరస్‌నూ వదిలేశాయి. చెరుపు చేసింది యాంటీబాడీలే గనక ఆవిడకేం కాదు. దగ్గరికెళ్లినవాళ్లకు మాత్రం జ్వరం అంటుకుంటుంది. తప్పు నాదే, ముందే ఊహించాల్సింది.”

“నాకంటుకుంటే ఈ యంత్రం ఎక్కిస్తారా?”

“ఎక్కిస్తాను. కానీ నయమయ్యేదాకా ఆవిడెవరో మీకు తెలీదు. ఆ తర్వాత మీరూ ఈ గదిలోనే ఉండాలి.”

గిన్నెలో అన్నం అయిపోవచ్చింది. పైడమ్మ చివరి ముద్ద చేసి, అద్దం ఇవతలికి చూస్తూ చేత్తో పట్టుకుని కూర్చుంది.

“నాకు తెలీపోతే ఏటమ్మా,” అన్నాడు సన్యాసిరావు, “నానెవరో దానికి తెలుస్తాది కదా.”

తలుపు తోసి లోపలికెళ్లి, చెయ్యి చాపాడు.