పైపు అవతలి కొస

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు కట్టేవాళ్లకు సలహాలిచ్చేవాళ్లను చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఇస్నాపూర్ వెనక కొత్త లేఅవుట్‌లో కౌసల్య, మహేష్ పునాది తీసిన రోజు నుంచీ దారిన పోయే ప్రతివాడూ ఆగి ఒక మాట చెప్పి పోతున్నాడు. ఈశాన్యం కాస్త పెంచమని ఒకడు, బోరు అటుపక్క వేయాల్సిందని ఇంకొకడు. కౌసల్య అందరికీ తలూపేది. వినేది మాత్రం మేస్త్రీ ఐలన్న మాట ఒక్కటే.

ఆ మధ్యాహ్నం ఐలన్న టేపు చుట్టుకుంటూ, "మూలలు కరెక్టుగున్నయ్ అక్కా," అన్నాడు. "ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు పట్టి చూసిన. రెండు కొలతలు ఒక్కటే వచ్చినయ్. ఇగ లెవెల్ ఒక్కటే మిగిలింది. నైరుతి మూల చువ్వ మీద ఒక గీత పెట్టిన. మా బామ్మర్ది బిడ్డ పెండ్లున్నది, నేను హత్నూర పోవాలె. సాయంత్రం మీ ఆయన వచ్చినంక ఇద్దరు కలిసి పైపు పట్టి, దాని లెక్కన మిగిలిన మూలల చువ్వల మీద గీతలు పెట్టుండ్రి. పొద్దుగాల నేను వచ్చుడే, దారం కట్టుడే, బీము పోసుడే."

"గీత తప్పితేనో?"

"గదెట్ల తప్పుతది? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నరు. నీళ్లు అబద్ధం చెప్తయా?"

అతను నవ్వుతూ బండెక్కాడు. కౌసల్యకు ఈ పని కొత్త కాదు. పెళ్లికి ముందు తండ్రి వెంట కట్టుబడి పనికి పోయేది. లోపలిది కనపడే పొడవాటి తెల్ల పైపులో నీళ్లు నింపి, ఒక కొస తండ్రి పట్టుకుంటే ఇంకో కొస తను పట్టుకుని అవతలి మూలన నిలబడేది. నీళ్లు ఊగి ఊగి ఆగుతాయి. ఆగిన చోట రెండు మూలలూ ఒకే ఎత్తు. ఇంతే సంగతి. కాకపోతే అవతలి కొసన ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి ఇంకా రాలేదు. మహేష్ కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. డ్యూటీ దిగి నేరుగా ప్లాటుకే వస్తానన్నాడు. వాళ్లుండే కిరాయి గదిలో కిటికీ తీస్తే పక్కింటి గోడే. రాత్రంతా దగ్గుతాడు. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఒకసారి తట్టుకుని, ఆగి, అప్పుడు బయటికొస్తుంది. సొంతింట్లో కిటికీలు బార్లా తీసి పడుకోబెడితే ఆ దగ్గు పోతుందని కౌసల్య నమ్మకం. ఆమె ఇల్లు కావాలనుకున్నది అందుకే. ఊళ్లోవాళ్ల ముందు గొప్పకు పోయేంత తీరిక ఆమెకెక్కడిది?

చలికాలం పొద్దు చెప్పాపెట్టకుండా గూకింది. దూరంగా హైవే మీద లారీల రొద తప్ప చప్పుడు లేదు. చీకటి పడితే ఫ్యాక్టరీల గాలికి కుళ్లిన ఉల్లిగడ్డలాంటి వాసన వస్తుంది. అందరికీ అలవాటే. ఆ రోజు దానితో కలిసి ఇంకో వాసన వచ్చింది. పాలు విరిగిన వాసన. ఎవరో ఏదో పారబోసి ఉంటారులే అనుకుని కౌసల్య కొంగు ముక్కుకు చుట్టుకుంది.

మహేష్ ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. బండి మీద ఉన్నాడేమో. ఖాళీగా కూర్చుంటే పని జరగదు కదా అని, నైరుతి మూలన ఐలన్న పెట్టిన గీత దగ్గర పైపు ఒక కొసను తీగతో చువ్వకు కట్టింది. ఇంకో కొసను బొటనవేలితో మూసి పట్టుకుని ఈశాన్యం మూలకు నడిచింది. సెల్‌ఫోన్ లైటు వేసి వేలు తీసింది.

నీళ్లు పైకి లేచాయి. కిందికి దిగాయి. మళ్లీ లేచాయి. మొదట్లో అలాగే ఊగుతాయని ఆమె ఓపిగ్గా నిలబడింది. చెయ్యి గుంజుతోంది గానీ నీళ్లు ఆగలేదు.

"జెర ఆగరాదే, నీ పాడుగాను," అని తిట్టింది.

లోపల గాలిబుడగ ఉందేమోనని, కొసను చువ్వకు తగిలించి పైపు పొడవునా లైటు వేసి వేలితో కొట్టుకుంటూ పోయింది. బుడగ లేదు. నైరుతి మూలన కట్టిన కట్టు కట్టినట్టే ఉంది. అక్కడ నీళ్లు గీత పక్కన కదలకుండా నిలబడి ఉన్నాయి. హమ్మయ్య అనుకుని వెనక్కి వచ్చి కొస చేతిలోకి తీసుకుంది.

నీళ్లు లేచాయి... దిగాయి.

గాలేమైనా తోస్తోందా అని చూసింది. పక్కన పడి ఉన్న ఖాళీ సిమెంటు సంచి కూడా కదలడం లేదు.

అప్పుడే ఫోను మోగింది. మహేష్ కాదు. అతనితో పాటు పనిచేసే పవన్‌కుమార్. భీమవరం వాళ్లబ్బాయి, తండ్రి ఉద్యోగంతో ఇక్కడికొచ్చి ఇక్కడివాడైపోయాడు.

"వదినా, ఎక్కడున్నారు?"

"ప్లాటు కాడున్న తమ్మీ. మీ అన్న ఇంకా రాలే."



"కంపెనీలో గ్యాస్ లీకైంది వదినా. మహేష్ అన్న కొంచెం పీల్చాడు. ఆసుపత్రికి తీసుకొచ్చాం. సీరియస్‌గానే ఉంది గానీ... ఊపిరి ఆడుతోంది. కంగారు పడకండి. మీరక్కడే ఉండండి, నేనొచ్చి తీసుకెళ్తాను."

సీరియస్ అన్న మాటకు అర్థమేమిటో మన వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కౌసల్యకూ తెలుసు. తెలిసినా దాన్ని పక్కకు నెట్టి, ఊపిరి ఆడుతోందన్న మాటను గట్టిగా పట్టుకుంది. పునాది గోడ మీద కూలబడింది. ఆ లేఅవుట్‌లో ఆటో దొరకదు, నడిచిపోదామంటే దారిలో పవన్‌కు ఎదురుపడకపోవచ్చు. ఛార్జింగ్ అయిపోతుందన్న భయంతో లైటు ఆర్పేసింది.

పైపు ఇంకా చేతిలోనే ఉంది. చుక్కల వెలుగులో నీళ్ల గీత సన్నగా మెరుస్తోంది.

లేచింది... మధ్యలో ఒకసారి తట్టుకుంది. ఆగింది. దిగింది.

కౌసల్య ఎన్ని రాత్రులు మేలుకుని విన్నదో ఆ లయ! ఇది మహేష్ ఊపిరి. అక్కడ ఆసుపత్రిలో ఆడుతున్నది ఇక్కడ తన చేతిలో కనపడుతోంది. ఎట్లా అని ఆమె అడగలేదు. కష్టంలో ఉన్న మనిషి దారి దొరికితే చాలనుకుంటుంది, అది ఎటు పోతుందో చూడదు.

ఇందాక ఆగమని తిట్టిన నోటితోనే బతిమాలింది. "ఆగకు. నీ కాల్మొక్త... ఆగకు."

నీళ్లు లేచాయి. దిగాయి. ఆ తర్వాత చాలాసేపు కదల్లేదు. పవన్‌కు ఫోన్ చేసింది.

"తమ్మీ, ఆగిందా?"

"ఏంటి వదినా?"

"ఊపిరి!"

"లేదు లేదు... ఆడుతోంది. దారిలో ఉన్నాను, వచ్చేస్తున్నా."

నీళ్లు మళ్లీ లేచాయి. కౌసల్యకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, ఉన్నాడు! ఆమె ఆ గాజులాంటి కొసను చెంపకు ఆనించుకుంది.

లేచేది తక్కువైంది. మధ్యలో ఆగేది ఎక్కువైంది.

"నువ్వేనా?" గుసగుసగా అడిగింది.

నైరుతి మూల నుంచి, చీకట్లోంచి జవాబు వచ్చింది.

"ఊఁ..."

సన్నగా, తడిగా ఉంది గొంతు. గ్యాసు పీల్చిన గొంతు గట్లనే ఉంటది అనుకుంది కౌసల్య.

"సలి పెడుతున్నదా?"

"ఊఁ..."

"రా. లోపలికి రా." ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఇల్లు నీదే. నన్నిడిచి యాడికీ పోకు... నాతోనే ఉండు."

నీళ్లు ఒక్కసారి పైకి లేచి ఆమె వేలిని తడిపాయి. గోరువెచ్చగా ఉన్నాయి. తర్వాత దిగి, నిలిచిపోయాయి.

ఆమె చూస్తూ ఉంది. కదల్లేదు. పైపును ఊపింది, పైకెత్తింది, దించింది. ఎంత చేసినా నీళ్లు అదే ఎత్తున వచ్చి నిలబడ్డాయి. పిచ్చిదానిలా కొసను నోట్లో పెట్టుకుని ఊదింది. పొంగిన నీళ్లు మళ్లీ వచ్చి అక్కడే నిలబడ్డాయి. లెవెల్ కుదిరింది... వెంట్రుక తేడా లేకుండా. కౌసల్య తల బాదుకుని ఏడ్చింది.

బండి లైటు పడ్డప్పుడు ఆమె కళ్లెత్తి చూసింది. పవన్‌కుమార్ బండి స్టాండు కూడా వేయకుండా దిగి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడే పోయిండు గదా," అంది. "నాకెర్కనే. నా చేతులనే ఆగింది."

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు కాదు వదినా... కంపెనీలోనే. మేం ఎత్తుకొచ్చేసరికే ఏమీ లేదు. నేను మీకు ఫోన్ చేసింది ఆ తర్వాతే." అతను ఏడుస్తున్నాడు. "చీకట్లో ఒంటరిగా ఉన్నారు. ఆ మాట ఫోన్‌లో ఎలా చెప్పను? అందుకే ఆడుతోందని అబద్ధం చెప్పాను. క్షమించండి."

కౌసల్యకు ఏడుపు ఆగిపోయింది. మొగుడు పోయిన దుఃఖాన్ని కూడా పక్కకు నెట్టే భయం ఒకటి ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. మహేష్ ఆ మొదటి ఫోను రాకముందే పోయాడు. మరి ఇంతసేపు తను బతిమాలింది ఎవరిని? ఇల్లు నీదే, లోపలికి రమ్మన్నది ఎవరిని?

"నేను రమ్మన్న తమ్మీ," అంది, పెదవులు కదిలీ కదలకుండా.

పవన్‌కు అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో మాట్లాడుతోందనుకున్నాడు. మంచివాడు, ఓదార్చడానికి తనకు తోచింది చెప్పాడు. "ఈ ఇల్లు మాత్రం ఆగదు వదినా. మేమంతా ఉన్నాం. అన్న కోరిక ఇది. మిమ్మల్ని ఈ ఇంట్లోకి తెచ్చేదాకా మేం నిద్రపోం."

వద్దు అని చెప్పాలనుకుంది కౌసల్య. చెప్పి ఎటు పోవాలి? ఉన్నదంతా ఈ పునాదిలోనే పోశారు, ఇక ఆమె పోవడానికి ఇంకో చోటు లేదు.

పవన్ ఆమెను లేపి బండి దగ్గరికి నడిపించాడు. పైపును అలా వదిలేయడం ఎందుకని లాగి చుట్టడం మొదలుపెట్టాడు. నైరుతి మూలన కట్టిన తీగ ఎప్పుడు ఊడిందో గానీ, అవతలి కొస అడ్డం లేకుండా జారుతూ వచ్చింది. చేతికి అందాక లైటు వేసి చూసి, అతను అలాగే నిలబడిపోయాడు.

"వదినా... ఇక్కడ చిన్నపిల్లలెవరైనా తిరుగుతుంటారా?"

పైపు కొస నలిగిపోయి ఉంది, పాలు విరిగిన వాసన వేస్తోంది. పైన ఒక వరుస, కింద ఒక వరుస, పళ్లు దిగిన గాట్లు. బియ్యపు గింజలంత చిన్నవి... ఇంకా తడి ఆరలేదు.